నల్లబిళ్లలో మిగిలిన మనిషి

మిల్లు గేటు ముందు ఎవరూ ఆగకూడదని కోర్టు చెప్పిన వేసవి అది. నడవొచ్చు, నినాదాలివ్వొచ్చు, జెండా పట్టుకోవచ్చు. ఆగకూడదు, కూర్చోకూడదు. అలా అడ్డం పడ్డవాణ్ణి పనిలోంచి తీసేసే హక్కు యాజమాన్యానికి ఇచ్చారు. అందుకని సమ్మెకి దిగిన జనమంతా పొద్దెక్కినప్పటి నుంచి పొద్దుగూకేదాకా ఆ గేటు ముందు గానుగెద్దుల్లా గుండ్రంగా తిరుగుతూనే ఉండేవాళ్లు. ఆ తిరిగేవాళ్లలో మా మామయ్య, మా ఆయన తండ్రి, ఒకరు.

మామయ్యది బాయిలర్ దగ్గర పని. జీవితమంతా నిప్పు ముందు నిలబడి నిలబడి పిక్కల నరాలు తాళ్లలా ఉబ్బి మెలికలు పడ్డాయి. రిటైరవడానికి ఇంకెంతో లేదు. ఆ కాస్తా గడిస్తే గౌరవంగా దండ వేయించుకుని ఇంటికి రావాలని ఆయన ఆశ. సాయంత్రం వచ్చి అరుగు మీద కూలబడితే అత్తయ్య వేడినీళ్ల బక్కెట్టు తెచ్చి ఆయన కాళ్ల ముందు టక్కున పెట్టేది.

"కాళ్లా ఇవి, గుమ్మడికాయలా? ఆ జడ్జీగారిని ఒక్కపూట మీతోపాటు తిరగమనండి, తెలుస్తుంది."

"ఆయనకేం తెలుస్తుందే పిచ్చిమొహమా, ఆయన తీర్పు చెప్పేది కూర్చునే కదా" అనేవారు మామయ్య, నీళ్లలో కాళ్లు పెట్టి కళ్లు మూసుకుని.

మా ఆయనకి మిల్లు వీధి చివర ఫొటో స్టూడియో ఉండేది. తండ్రి ఎంత పోరినా మిల్లులోకి వెళ్లకుండా కెమెరా పట్టుకున్న మనిషి. నేను కౌంటరు దగ్గర కూర్చునేదాన్ని. మా ఊళ్లో డిగ్రీ చదివిన మొదటి ఆడపిల్లని నేనే అయినా, పెళ్లయ్యేదాకా ఫొటో అంటే పళ్లు కనపడేలా నవ్వడం అనే అనుకునేదాన్ని. ఆయన నాకు అప్పజెప్పిన మొదటి పని ఫిల్టర్లు తుడవడం. లెన్సు ముందు మర తిప్పి బిగించే గుండ్రటి గాజుబిళ్లలు. మెత్తటి గుడ్డతో నడిమి నుంచి అంచుకి తుడవాలి, వేలు తగలకూడదు. తగిలిందా, పసిపిల్ల బుగ్గ గిల్లినట్టు అరిచేవాడు.

ఒక్కో బిళ్లకి ఒక్కో గుణం. తెల్లబిళ్ల ఉత్త కాపలాది. దెబ్బా దుమ్మూ తను కాచుకుని లెన్సుని కాపాడుతుంది. ఇంకోటి ఉంగరంలా తిరుగుతుంది. దాన్ని పెట్టి షోకేసు వైపు చూస్తూ మెల్లగా తిప్పితే అద్దం మీది మెరుపు చేత్తో తీసేసినట్టు పోయి లోపలి బొమ్మలు బయటపడతాయి, నీళ్లయితే అడుగున రాళ్లు కనపడతాయి. సగం నలుపూ సగం తెలుపూ ఉన్నది, పైన ఆకాశం మరీ వెలిగిపోయి కింద మనుషులు మసిబొమ్మలు కాకుండా చూస్తుంది.

"ఇంత తంటా ఎందుకండీ? ఈ రోజుల్లో అన్నీ కంప్యూటర్లోనే దిద్దేస్తున్నారుగా" అన్నానొకసారి.

"రంగులయితే దిద్దొచ్చు. మెరుపు వెనకాల ఏముందో కెమెరా చూడనేలేదనుకో, కంప్యూటరు ఎక్కణ్ణుంచి తెస్తుంది? దాని తాతముల్లె ఉందా అక్కడ?" అన్నాడు.

అన్నిటిలోకీ వింతయింది నల్లబిళ్ల. పొయ్యి మసి పూసినట్టుండేది. కంటికి పెట్టుకుంటే నడినెత్తిన సూర్యుడు కూడా గుడ్డిదీపమే. దాన్ని తగిలిస్తే లోపలికి వెలుతురు చుక్కలు చుక్కలుగా దిగుతుంది కాబట్టి కెమెరా కన్ను చాలాసేపు తెరిచి ఉంచాలి. ఆ చాలాసేపట్లో కదిలినదేదీ బొమ్మలో నిలవదు. నిలబడ్డది మాత్రం రాయిలా పడుతుంది. రెండు నల్లబిళ్లలు ఒకదాని మీద ఒకటి బిగిస్తే మిట్టమధ్యాహ్నం బజారు కూడా కర్ఫ్యూ పెట్టినట్టు ఖాళీగా వస్తుంది. ఒక మేస్త్రీ కట్టిన మేడకి అలాగే తీసిచ్చాడు. రోడ్డు మీద పురుగు లేదు.

"మీ అమ్మగారి చుట్టాలొచ్చినప్పుడు మనింటికి కూడా ఇది తగిలిస్తే బాగుండును" అన్నాను నేను.

"వాళ్లు కదలరు కదే, వాళ్లే మిగులుతారు. వంటింటికీ హాలుకీ తిరిగి తిరిగి మాయమయ్యేది నువ్వు."

ఎంత నవ్వుకున్నామో ఆ రోజు.

సమ్మె ముదిరాక ఒక మధ్యాహ్నం మిల్లు ఆఫీసు మనిషి స్టూడియోకి వచ్చాడు. అంత ఎండలోనూ కోటు విప్పడని అందరూ ఆయన్ని కోటుబాబు అనేవాళ్లు. మిల్లు ఫొటోలు ఏటా మా ఆయనే తీసేవాడు కాబట్టి ఆ మనిషి మాకు కొత్త కాదు.

"గేటు బొమ్మ కావాలయ్యా. మిల్లు పుస్తకం అట్ట మీదకి. గేటూ, రోడ్డూ, పైన కాస్త ఆకాశం. మనుషులు ఉండకూడదు."

"గేటు ముందు మనుషులు తప్ప ఏముందండీ ఇప్పుడు?"

"మొన్న ఆ మేడకి తీసిచ్చావుగా. అలాగే. నీకు వీల్లేదంటే చెప్పు, పెద్దూరి నుంచి పిలిపిస్తాం. వాడెలాగూ వస్తాడు కాబట్టి ఆ తిరిగేవాళ్ల మొహాలు కూడా వరసపెట్టి తీస్తాడు."

కోటుబాబు వెళ్లాక నేను ఊరుకోలేదు.

"అక్కడ మామయ్య తిరుగుతున్నారండీ."

"తెలుసు. అందుకే ఒప్పుకుంటున్నా. ఇంకొకడొస్తే ఒక్కొక్కడి మొహం పట్టుకుపోయి పేర్లు రాసుకుంటారు. నా బొమ్మలో ఒక్క మొహం పడదు. నడిచేవాడు నల్లబిళ్లకి దొరకడు. ఇంతకంటే ఏం సాయం చెయ్యగలను వాళ్లకి?"

మాట సబబుగానే తోచింది నాకు. నడవడం తప్ప ఆగడానికి వీల్లేని జనం. వాళ్లని మాయం చెయ్యడానికే పుట్టినట్టున్న అద్దం.

"పోనీ మామయ్యకో మాట చెప్పండి."

"ఎందుకులే, లేనిపోని కంగారు."

మర్నాడు గేటుకెదురుగా ఉన్న టీకొట్టు మేడ మీద కెమెరా కాళ్లు పాతాడు. ముందు బిళ్లలేవీ లేకుండా కెమెరాలోంచి గేటుని సరిచూసుకున్నాడు. రెండు నల్లబిళ్లలు బిగించాక ఇక కెమెరాలోంచి చూసేందుకేమీ ఉండదు, చీకటే. వెనకనుంచి వెలుతురు దూరకుండా కంటి కన్నం మీద గుడ్డ కప్పి, మీట నొక్కి, కిందకి దిగి టీ తాగాడు. గేటుకేసి వీపు పెట్టుకుని తాగాడట, నాన్న కంటపడితే బాగుండదని. తిరిగి పైకెక్కి చూసుకుంటే ఆ ఎండలో చిన్న తెర మీద గేటుంది, ఖాళీ రోడ్డుంది, ఆకాశముంది. అంతకంటే వివరంగా చూసేలోగా మెట్ల మీద కాచుకుని ఉన్న కోటుబాబు కార్డు పుచ్చుకుని చక్కాపోయాడు.

పుస్తకం అట్ట మీద రావాల్సిన బొమ్మ పేపర్లో మొదటి పేజీలో వచ్చింది. పైన లావుపాటి అక్షరాలు: "చల్లారిన సమ్మె. గేటు ముందు ఒకే ఒక్కడు."

పేపరు ముందు చూసింది అత్తయ్య. వాకిట్లోంచి కేకేసింది.

"అమ్మాయ్, ఇలా రా. ఈ కూర్చున్నది ఎవరో చెప్పు."

చెప్పడానికేముంది. గేటు స్తంభం నీడలో, మోకాళ్ల మీద చేతులు వేసుకుని, నెత్తి మీద తువ్వాలు రెండు మడతలు పెట్టి వెనక్కి జారవిడిచి. ఆ మడత అత్తయ్యే పెట్టి పంపుతుంది రోజూ. చుట్టూ వల్లకాడులా రోడ్డు. మధ్యలో మామయ్య.

మామయ్య ఆ పేపరు చాలాసేపు చూశారు. ఆయన మొహంలో కోపం లేదు, తెల్లబోవడం ఉంది.

"నేనే. కాళ్లు పీకేస్తుంటే కూర్చున్నాను. కానీ అందరూ నా ముందునుంచే తిరుగుతున్నారమ్మా. నా మోకాళ్లకి వాళ్ల పంచెలు తగులుతున్నాయి. వీళ్లంతా ఏమయ్యారు?"

అప్పుడు మా ఆయన నోరు విప్పాడు. అరుగు కిందే నిలబడి, బిళ్లల సంగతీ కోటుబాబు సంగతీ చెప్పుకొచ్చాడు. అత్తయ్య చేతిలో చీపురుంది. కొడుకు మీద విసురుతుందేమో అనుకున్నాను. విసరలేదు, చీపురు పట్టుకునే నిలబడిపోయింది. మామయ్య పేపరు మడిచి కొడుక్కిచ్చారు.

"ఫొటో బాగా పడిందిరా" అన్నారు. అంతే.

కెమెరాలో రెండో కార్డు మీద నకలు ఉండిపోయింది. స్టూడియోలో దాన్ని పెద్ద తెర మీద పెట్టుకుని చూశాం. రోడ్డు నిజంగా ఖాళీ కాదు. మోకాలెత్తున పల్చటి పొగలాంటిది పరుచుకుని ఉంది, పొద్దున్నే చెరువు మీద లేచే మంచులాగా. ఆ పొగే వందలమంది మనుషులు. పేపర్లో అచ్చయ్యేసరికి అది కూడా కొట్టుకుపోయింది.

పేపరు పడ్డ దగ్గర్నుంచీ సమ్మె వదులవడం మొదలైంది. రోజూ వచ్చి తిరగలేక ఇంటి దగ్గరే ఉండిపోయినవాళ్లు ఆ బొమ్మ చూసి, అందరూ పనిలో చేరిపోయారు కాబోలు మనమొక్కళ్లమే మిగిలామనుకుని, తలొంచుకుని లోపలికి వెళ్లిపోసాగారు. సమ్మెలో పస లేదనీ, గేటు దగ్గర జనమే లేరనీ, మాటలాడేందుకు తమకేమీ లేదనీ యాజమాన్యం లేబరాఫీసులో కాగితం పెట్టింది. మామయ్యకి వేరే నోటీసు. గేటుకి అడ్డంగా కూర్చున్నందుకు నీ మీద చర్య ఎందుకు తీసుకోకూడదో చెప్పమని.

యూనియన్ నాయకుణ్ణి అందరూ గంట అని పిలిచేవాళ్లు. మైకు అక్కర్లేని గొంతు. ఆయనే మామయ్యకి దారి చూపించాడు.

"చెప్పు తెగింది, సరిచేసుకోడానికి ఓ క్షణం కూర్చున్నానని చెప్పు బాబాయ్. ఫొటో అంటే క్షణమే కదా. క్షణం కూర్చున్నవాణ్ణి ఏ ఆఫీసరూ ఉరి తియ్యడు."

మామయ్య అలాగే జవాబిచ్చారు. అది నిలిచేలాగే ఉంది కూడా.

తరవాత గంట స్టూడియోకి వచ్చాడు. గుమ్మంలోనే మొదలుపెట్టాడు.

"ఏం తమ్ముడూ, ఇంతమందిని మింగావు, అరిగిందా?"

మా ఆయన లేచాడు. కెమెరాకి నల్లబిళ్లలు బిగించి, గంటని కౌంటరు ముందు అటూ ఇటూ నడవమని, నన్ను కౌంటరు వెనక కదలకుండా నిలబడమన్నాడు. గంట గొణుగుతూనే నడిచాడు. చాలాసేపటికి తెర మీదకొచ్చిన బొమ్మలో కౌంటరుంది, గోడగడియారముంది, కాస్త మసకగా నేనున్నాను. గంట లేడు.

ఆయన తెరకి ముక్కు ఆనించి వెతుక్కున్నాడు.

"ఓరినీ! నన్ను మాయం చెయ్యడం పోలీసుల వల్లే కాలేదు కదరా!" అని, నవ్వు ఆపేసి, "ఈ మాటే ఆఫీసరు ముందు చెప్పు. మేం అక్కడున్నామని చెప్పు. ఆ ఒక్కటి రుజువైతే యాజమాన్యం దిగిరావాల్సిందే. పొట్టలు మాడ్చుకుని తిరిగినదంతా నీ ఒక్క మాట మీదుంది తమ్ముడూ" అన్నాడు.

ఆ సాయంత్రం మా ఆయన తండ్రిని అడిగాడు, వెళ్లనా అని.

"వెళ్లు. ఉన్నది ఉన్నట్టు చెప్పు. ఇందులో అడగడానికేముంది" అన్నారు మామయ్య. పోయిన పరువు కొడుకే తిరిగి తెస్తున్నాడన్న వెలుగు ఆయన మొహంలో కనపడింది నాకు. ఆ ఇంట్లో నలుగురం ఉన్నాం. ఒక్కరికీ తట్టలేదు.

లేబరాఫీసు విచారణ గది ఇరుకు. గోడ పొడుగునా బెంచీలు, కిర్రుమనే ఫ్యాను, పసుపుతాళ్లు కట్టిన కాగితాల కట్టలు. ఒకవైపు కోటుబాబూ, వాళ్ల లాయరూ. ఇంకోవైపు గంటా, మావాళ్లూ. నేను తలుపు పక్కన. ఆఫీసరు పెద్దమనిషి, కళ్లజోడు మీదనుంచి చూసే రకం.

ముందు మామయ్యని పిలిచి అడిగారు. చెప్పు సంగతి చెప్పారు మామయ్య. ఆఫీసరు తలూపి రాసుకున్నాడు. "సరే, కాళ్లు నొప్పులేమో, కూర్చోండి" అని బెంచీ చూపించాడు కూడా.

తరవాత మా ఆయన. తొణుకూ బెణుకూ లేకుండా చెప్పాడు. రెండు నల్లబిళ్లలూ ఆఫీసరు చేతికిచ్చి కిటికీలోంచి చూడమన్నాడు. రెండో కార్డు మీది బొమ్మ ల్యాప్‌టాపులో చూపించాడు. ఆ పొగ మీద వేలు పెట్టి, "వీళ్లేనండీ జనం" అన్నాడు. స్టూడియోలో గంట మాయమైన బొమ్మ చూపిస్తే ఆఫీసరు గంటనీ బొమ్మనీ మార్చి మార్చి చూసి మొదటిసారి నవ్వాడు.

"అంటే గేటు దగ్గర జనం ఉన్నారు. ఈ బొమ్మ ఖాళీ అని చెప్పడానికి పనికిరాదు."

"పనికిరాదండీ. నడిచేవాళ్లెవరూ ఇందులో పడరు."

బెంచీల మీద గాలి తిరిగినట్టయింది. గంట తొడ చరిచాడు. కోటుబాబు లాయరు చెవిలో ఏదో ఊదాడు. లాయరు లేచాడు. గొంతు పెంచలేదు, పక్కింటి మనిషిని అడిగినట్టు అడిగాడు.

"నడిచేవాళ్లు పడరన్నారు. ఓ నిమిషం కూర్చుని లేచిపోయినవాళ్లు?"

"వాళ్లూ... సరిగ్గా పడరండీ. పొగలా ఉంటారు."

"ఈ కూర్చున్నాయన పొగలా ఉన్నాడా?"

మా ఆయన తెర కేసి చూశాడు. ఆ చూపులోనే అర్థమైంది నాకు, అతనికి ఆ క్షణంలోనే అర్థమైందని. తెర మీద మామయ్య తువ్వాలు చారలు కూడా లెక్కపెట్టుకునేంత స్పష్టంగా ఉన్నాయి.

"లేడు" అన్నాడు.

"మీ కెమెరా కన్ను ఎంతసేపు తెరిచి ఉంది?"

ఫ్యాను కిర్రుమంటోంది. కొంచెంసేపని చెబితే ఇంత జనం మాయమవడం అబద్ధమైపోతుంది. చాలాసేపని చెబితే చెప్పు తెగడం అబద్ధమైపోతుంది. మా ఆయన తండ్రి వైపు చూశాడు. మామయ్య కొడుకుని చూడటం లేదు. బెంచీ మీద కూర్చుని తన పాదాలు తనే చూసుకుంటున్నారు. గంట కూడా తల దించుకున్నాడు.

"పది నిమిషాల పైన" అన్నాడు మా ఆయన.

ఆఫీసరు కలం తీశాడు. రెండు కాగితాలు వెనక్కి తిప్పి, తను ఇందాక రాసుకున్న వాక్యం మీద అడ్డంగా ఒక గీత గీశాడు.

ఇంటికొచ్చాం. వాకిట్లో చెప్పులు విప్పుతూ మామయ్య అన్నారు:

"గొంతు వణకలేదురా. బాగా చెప్పావు."

ఆయన మనస్ఫూర్తిగానే అన్నారు. దెప్పి ఉంటే బాగుండేది, మా ఆయన తట్టుకునేవాడు. ఆ రాత్రి అన్నం దగ్గర కలిపిన ముద్ద కలిపినట్టే వదిలేసి లేచిపోయాడు.

మొదటి వానకి ముందే రాజీ కుదిరింది. అడిగినవాటిలో సగానికి పైగా ఇచ్చారు. సమ్మె చేసినవాళ్లందరినీ తిరిగి తీసుకున్నారు, కోర్టు మాట మీరినట్టు రుజువైనవాళ్లని తప్ప. రుజువైంది ఒక్కరి మీదే. దాని కోసం రాజీని ఆపమని యూనియన్‌లో ఇద్దరు ముగ్గురు అడిగారట. మామయ్యే వెళ్లి, ఆపొద్దని చెప్పి వచ్చారు.

మిల్లు తెరిచిన పొద్దున గంట, ఇంకో పదిమంది పనిబట్టల్లో మా వాకిట్లోకి వచ్చారు. గంట గొంతు ఎంత చిన్నదిగా కూడా అవుతుందో ఆ రోజు తెలిసింది.

"బాబాయ్, మేం లోపల ఊరుకోం. నీ సంగతి మళ్లీ లేవదీస్తాం."

"అలాగేలే. ముందు వెళ్లండి. మొదటిరోజే ఆలస్యమైతే వాడి చేతికి కర్ర ఇచ్చినట్టే."

వాళ్లు వెళ్లాక మిల్లు కూత మోగింది. మామయ్య అది పూర్తిగా ఆగేదాకా గుమ్మం పట్టుకుని నిలబడి, లోపలికి వెళ్లి మంచం మీద గోడవైపు తిరిగి పడుకున్నారు. అత్తయ్య ఆ రోజంతా పొరుగింటి గుమ్మం తొక్కలేదు. కొడుకుతో మాత్రం చాలాకాలం ముక్తసరిగా మాట్లాడింది, అన్నం పెట్టనా, తలుపు వేసుకో, అంతవరకే.

ఇంట్లో కూర్చోమని మేమంటే మామయ్య వినలేదు. వానలు పడేసరికి బజారులో పెద్ద బట్టల దుకాణంలో తలుపు తీసే పని చూసుకున్నారు. అద్దాల తలుపు. వచ్చేవాళ్లకి తీయాలి, పోయేవాళ్లకి తీయాలి. టోపీ, ఇస్త్రీ చేసిన చొక్కా. మా ఆయన పొద్దున్నే స్కూటరు మీద తీసుకెళ్లి దుకాణం ముందు దింపేవాడు. దింపి, వెనక్కి చూడకుండా వచ్చేసేవాడు.

ఒక మధ్యాహ్నం క్యారియర్ నేను పట్టుకెళ్లాను. వాన జోరుగా ఉంది. దుకాణంలో ఒక్క మనిషి లేడు. మామయ్య తలుపు పక్కన నిలబడే గిన్నె చేతిలోకి తీసుకుని తినడం మొదలుపెట్టారు. ఒక కాలి మీదనుంచి ఇంకో కాలి మీదకి బరువు మార్చుకుంటూ. ప్యాంటు మడతల కింద పాదాలు చెప్పుల్లో పట్టడం లేదు. లోపల గోడవారగా, బట్టలు చూసేవాళ్ల కోసం వేసిన స్టూళ్లు వరసగా ఖాళీగా ఉన్నాయి.

"బేరాలేం లేవు కదా మామయ్యా. కాసేపు కూర్చుని తినండి. ఎవరు చూడొచ్చారు?"

ఆయన నోట్లో ముద్ద మింగి, గడ్డంతో పైకి చూపించారు. తలుపు పైన, గోడ మూల, నిమ్మకాయంత నల్లటి కెమెరా మావైపు తిరిగి ఉంది.

"అది మూతపడదటమ్మా" అన్నారు. వానలో ఎవరో గొడుగు ముడుచుకుంటూ మెట్లెక్కుతున్నారు. గిన్నె నా చేతిలో పెట్టి, చెయ్యి చొక్కా వెనక తుడుచుకుని, ఆయన తలుపు తీశారు.